బతూల్ ఇంటి పైగది

మొరాకోలోని అజెమ్మూర్‌లో నది వైపు ఊరి ప్రహరీని ఆనుకుని ఉన్న బతూల్ ఇంటి ముందు నుంచి రాత్రి ఇషా నమాజు అయ్యాక ఎవరూ నడవరు. మా వీధిలో మొనగాళ్ళకేం కొదవ లేదు... పగటిపూట. పొద్దుగూకితే మాత్రం అందరికీ చుట్టుదారే నచ్చుతుంది.

ఆ ఇంటి పైగదిలోనే బతూల్ నానమ్మ పోయింది. ఆ తర్వాత గదికి తాళం పడింది, పైకి వెళ్ళే కరెంటు కోసేశారు. అయినా రాత్రయితే ఆ కిటికీలో నీలంగా ఒక వెలుగు... ఆగి ఆగి, కన్ను గీటినట్టు. ముసలమ్మ పిలుస్తోందని కొందరు, తస్బీ పూసలు తిప్పుతోందని కొందరు.

కింద గదిలో బతూల్ ఒక్కతే ఉండేది. భయం లేదా అని అడిగితే, మా నానమ్మే కదా, కరుస్తుందా అనేది.

ఆమె భయమల్లా అన్న జిలాలీ గురించే. మంచాన పడ్డ ముసలమ్మకి ఏళ్ళ తరబడి చాకిరీ చేసింది ఈ పిల్ల. ఇల్లు అమ్మేద్దామని కూర్చున్నది మాత్రం కాసాబ్లాంకాలో కాపురమున్న ఆ పెద్దమనిషి. అమ్మితే ఈమె రోడ్డున పడ్డట్టే. కానీ దెయ్యాల కొంప ఎవడు కొంటాడు?

ఇక పక్కింటి సీ మక్కీ సంగతి. రేవు ఆఫీసులో జీవితమంతా కాగితాల మీద ముద్రలు గుద్దిన మనిషి. రిటైరయ్యాక చెయ్యి ఊరుకోలేదు కాబోలు, ఒక రేడియో పెట్టె, టకటకమని సంకేతాలు కొట్టే మీట కొని, చెవులకి డొప్పలు తగిలించుకుని మేడ మీద చేరాడు. బ్రెజిల్లో ఎవడో జవాబిస్తే ఆయనకి పండగ. పక్కింటివాడు సలాం చెబితే వినపడదు. తజీన్ కూర చల్లారిపోతోందని భార్య ఫట్టూమా గొంతు చించుకుంటే గానీ కిందికి దిగడు. మా వీధివాళ్ళంటే మహా చులకన. దెయ్యమా, ప్రపంచం మొత్తంతో మాట్లాడుతున్నాను, ఎక్కడా తగల్లేదే అనేవాడు.

జిలాలీకి సరిగ్గా ఇలాంటి మనిషే కావాలి. ఒక రాత్రి కొనేవాణ్ణి వెంటబెట్టుకొచ్చి, మాతో పాటు పైగదిలో కూర్చోండి, ఈ పుకారు ఇవాళతో వదిలిద్దాం అని బతిమాలాడు. మక్కీ ఛాతీ విరుచుకుని బయల్దేరాడు.

గుమ్మంలో బతూల్ మెల్లగా అంది.

"ఆలోచించు మామా. ఆ వెలుగు రాకపోతే నాకు ఇల్లుండదు."

"లేని దెయ్యాన్ని ఉందని చెప్పమంటావా?"

ఆమె గుమ్మం దిగి వెళ్ళిపోయింది.

ముగ్గురూ చీకట్లో కూర్చున్నారు. కిటికీ పైన ముసలమ్మ నాటి ట్యూబులైటు, దాని చుట్టూ బూజు... చాలాసేపు ఏమీ లేదు. కొనేవాడు ఆవలించి, ధర మాట్లాడుకుందామా అన్నాడు. మక్కీకి ఊపొచ్చింది. మా వీధి మొత్తాన్నీ గాడిదల కింద జమకట్టి ఉపన్యాసం ఎత్తుకున్నాడు. ఏదీ, ఉంటే రమ్మనండి, ఇక్కడే కూర్చున్నాను కదా —

వచ్చింది.

కరెంటు లేని ట్యూబు... వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది. ఈసారి చాలాసేపు — ముగ్గురి మొహాలూ సున్నం కొట్టినట్టు తెల్లగా.

ముందు పరిగెత్తింది కొనేవాడు కాదు. జిలాలీ కూడా కాదు. ప్రపంచం మొత్తంతో మాట్లాడే మన సీ మక్కీ. చెప్పులు అక్కడే వదిలేసి, ఆ ఇద్దరినీ తోసుకుని, మెట్ల మీద నుంచి దొర్లినంత పని చేశాడు. వెనకాల వాళ్ళిద్దరూ కారు దగ్గరికి ఒకటే పరుగు.

మక్కీ తన ఇంట్లో దూరి, తలుపు గడియ పెట్టి, రొప్పుతూ మేడెక్కాడు... ఎక్కినవాడు అక్కడే ఆగిపోయాడు.

రేడియో ముందు, ఆయన కుర్చీలో, బతూల్. వేలు మీట మీద ఉంది.

"నీ రేడియో తీగ రెండో కొస మా కిటికీకి కట్టావు కదా మామా, ఎవర్నీ అడక్కుండా," అంది. "నువ్వు ఇది నొక్కినప్పుడల్లా ఆ తీగ నుంచొచ్చే తరంగాలకి పక్కనున్న మా ట్యూబు కరెంటు లేకున్నా వెలుగుతుంది. నాకు మొదటి రోజే తెలిసిపోయింది. చెవులకి అవి పెట్టుకుని కూర్చుంటావు, ఏనాడైనా తలెత్తి చూశావా?"

మక్కీ ఇప్పుడు తలెత్తి, తీగ వెంబడే ఆ కిటికీ దాకా చూశాడు.

పక్కనే ఫట్టూమా. నది వైపు తొంగి చూస్తూ, తాపీగా టీ పోసుకుంటోంది.

"ఇంకో రెండుసార్లు నొక్కవే తల్లీ," అంది. "వాళ్ళ కారు ఇంకా వంతెన దాటలేదు."