డాబా మీది తలుపు

ఆ మూడంతస్తుల భవనంలో డాబా తలుపుకి మంచి పేరు లేదు. చీకటి పడి కింద షాపులు మూసేశాక అది తనంతట తానే తెరుచుకునేది. మెల్లగా... ఎవరో చేత్తో నెట్టినట్టు. దాంతో పాటే మెట్ల దారంతా ఒక మూలుగు.

ఎవరో ఆడమనిషి అక్కడ ప్రాణం తీసుకుందన్నారు. ఎవరు, ఎప్పుడు అంటే మాత్రం ఎవరికీ తెలియదు. తెలియకపోయినా అందరూ నమ్మారు.

మూడో అంతస్తులో మా బావమరిది వాళ్ళ పిన్ని కుట్టు మిషన్లు పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుట్టిస్తుంది. బడులు తెరిచే రోజులు దగ్గరపడి, రాత్రిళ్ళు కూడా మిషన్లు ఆడాల్సిన సమయంలో, కుట్టేవాళ్ళు చీకటి పడితే ఉండబోమని తెగేసి చెప్పారు. బట్టలు అందకపోతే ఆర్డరు పోతుంది. ఆర్డరు పోతే మిషన్లు అమ్ముకోవడమే. పిన్నికి కంటి మీద కునుకు లేదు.

మా బావమరిది ఏసీ మెకానిక్కు. డాబాల మీద ఉండే పెద్ద యూనిట్లు వాడి పని. దెయ్యమంటే పగలబడి నవ్వే రకం.

"అది ఉత్త గాలి పిన్నీ. పైనున్న యూనిట్ బయటి గాలిని లోపలికి తోస్తూనే ఉంటుంది. కింద షట్టర్లు దించేస్తే దానికి పోయే దారి ఉండదు. అందుకే తలుపు నెట్టుకుపోతోంది. ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించానంటే నీ దెయ్యం చచ్చి ఊరుకుంటుంది."

"చచ్చాకే కదురా దెయ్యమయ్యేది!" అంది పిన్ని.

డాబా మీద, తలుపు పక్క గోడకి ఫ్యాను బిగించాడు. లోపల గాలి ఒత్తిడి పెరిగితేనే అది తిరిగేలా ఒక చిన్న పెట్టె పెట్టాడు. ఆ పెట్టెకి రెండు సన్నటి గొట్టాలు. ఒకటి లోపల మెట్ల దారిలోకి, ఒకటి బయటికి. ఎక్కడ ఎంత ఒత్తిడి ఉందో అది పోల్చి చూసుకుంటుంది.

ఆ సాయంత్రం పిన్ని కుట్టేవాళ్ళని బతిమాలి కూర్చోబెట్టింది. మావాడు ఫోను కింద చార్జింగుకి పెట్టి, ఈల వేసుకుంటూ పైకెళ్ళాడు. ముందు ఫ్యాన్ని చేత్తో స్విచ్చేసి తిప్పి చూశాడు. తర్వాత పెట్టెకి అప్పగించాడు.

తలుపు ధన్‌మని మూసుకుంది.

మావాడు మీసం మెలేశాడు. సామాన్లు సర్దుకుని, దిగుదామని తలుపు లాగాడు. రాలేదు. ఇంకాస్త బలంగా లాగాడు. వేలెడు సందు వచ్చింది... అంతే, లోపలి నుంచి ఎవరో వెనక్కి లాగేసుకున్నారు.

"పిన్నీ... నువ్వేనా?"

సందులోంచి సన్నటి చప్పుడు — ఎవరో ఊపిరి లోపలికి పీలుస్తున్నట్టు.

మావాడి ధైర్యమంతా ఆ ఒక్క చప్పుడుతో ఆవిరైపోయింది. రెండు చేతులతో తలుపు బాదాడు. గొంతు చించుకుని అరిచాడు.

"పిన్నీ! వదలమను పిన్నీ! లాగేస్తోంది!"

కింద అప్పటిదాకా అంతా బాగుంది. తలుపు కదల్లేదు, మూలుగు వినపడలేదు. రేపట్నుంచి ఉంటామని కుట్టేవాళ్ళు ఒప్పుకుంటున్నారు కూడా. అప్పుడే పైనుంచి ఈ బాదుడు, ఈ కేక. మరుక్షణం గదిలో వాళ్ళ చెప్పులు, మిషన్ని పట్టుకుని కూర్చున్న పిన్ని మాత్రం మిగిలారు.

పైన మావాడి భుజం మీద గుడ్డ జారి, గాల్లో ఎగిరి, తలుపు సందుకి అతుక్కుపోయింది. వాడు దాన్ని చూస్తూ ఉండిపోయాడు. గాలి బయటికి రావాలి కదా... లోపలికి పోతోందేమిటి?

రెండు గొట్టాలూ తారుమారుగా తగిలించాడు! లోపల గాలి తగ్గేకొద్దీ పెట్టెకి అది పెరిగినట్టు కనబడుతోంది. ఫ్యాను ఇంకా ఇంకా పీలుస్తోంది. స్విచ్ ఆపగానే తలుపు పిల్లిలా తెరుచుకుంది. గొట్టాలు సరిచేశాడు. మళ్ళీ తలుపు తనంతట తాను కదిలితే ఒట్టు.

మర్నాడు సిగ్గు విడిచి కుట్టేవాళ్ళ ముందు నిలబడ్డాడు. పిన్ని మిషన్లు పోవడం కన్నా తన పరువు పోవడమే నయమనిపించింది వాడికి.

"అరిచింది నేనే. దెయ్యం లేదు, ఏమీ లేదు. గొట్టాలు తప్పుగా తగిలించాను."

బొత్తాలు కుట్టే ఆవిడ పిన్ని చెవిలో గుసగుసలాడింది. "అది అలాగే చెప్పిస్తుందక్కా... పాపం, కుర్రాణ్ణి పట్టేసింది."

ఆ రాత్రి నుంచే అందరూ పనిలోకి వచ్చారు. దెయ్యం భవనాన్ని వదిలి మావాడితో వెళ్ళిపోయింది కదా, ఇక వాళ్ళకి భయమెందుకు? వాడు మాత్రం ఆ మెట్లెక్కకూడదన్నారు. యూనిఫారాలు చెప్పిన రోజుకే అందాయి.

పిన్ని వాడికో కొత్త చొక్కా కుట్టించి, మెట్ల కిందికి తెచ్చిచ్చింది.

"నువ్వైనా వాళ్ళకి నిజం చెప్పొచ్చుగా పిన్నీ!"

"చెప్తే మళ్ళీ మానేస్తారు. కొన్నాళ్ళు ఇలాగే ఉండనీ నాయనా," అని నవ్వింది.

వాడూ నవ్వి, వెళ్ళబోయాడు. వెనక నుంచి పిన్ని గొంతు... బాగా తగ్గించి.

"ఒరేయ్... ఆ రోజు అరిచింది నిజంగా నువ్వేనా?"

తిరిగి చూస్తే, ఆవిడ అప్పటికే నాలుగు మెట్లు పైన ఉంది.