ముందు సీటు బరువు

శనివారం పొద్దుగూకేలోపు సుధీర్ బాబు చెయ్యాల్సిన పనులు చాలానే ఉన్నాయి. మెస్సుకు బియ్యం బస్తా ఎత్తించుకోవాలి. అడుగు చిల్లుపడ్డ గుండిగకు మాటు వేయించాలి. అమ్మకు మోకాళ్ల మాత్రలు, కృపామణి పిన్నికి కళ్లజోడు ఫ్రేము తేవాలి. హన్నమ్మ పెద్దమ్మ ఫోన్లో పాటలు రావడం లేదు, అదేమిటో చూడాలి. ఇవన్నీ అయ్యాక, కారు స్టీరింగు ఎడమవైపుకు ఎందుకు లాగుతోందో ఎవరికైనా చూపించాలి.

చివరి పని ముందు చేశాడు. మిగతావన్నీ మరిచిపోయాడు.

సుధీర్ బాబుది రొంపిచెర్ల. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు అతనే. ఆ చదువు నడిపింది దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీ కుర్రాళ్లకు వాళ్ల అమ్మ సారమ్మ, పిన్ని, పెద్దమ్మ కలిసి వండిపెట్టే మెస్సు. ఇప్పుడు అదే ఫ్యాక్టరీ ల్యాబులో అతనికి ఉద్యోగం. రోజూ పొద్దున్నే ముగ్గురినీ, గిన్నెలనూ, బియ్యాన్నీ తన సెకండ్ హ్యాండ్ ఎర్ర కారులో ఎక్కించుకుని వెళ్తాడు, సాయంత్రం తీసుకొస్తాడు.

ఆ కారును గుంటూరు తీసుకెళ్లి, పొట్టి స్ప్రింగులు వేయించి, నాలుగు వేళ్ల ఎత్తు కిందకు దించాడు. ఎందుకంటే నేలకు ఆనుకుని పోతుంటే బాగుంటుందని. అమ్మకు మాత్రం వేరేగా చెప్పాడు.

"నీ మోకాళ్ల కోసమేనమ్మా. ఎక్కడం సులువు."

"ఎక్కడం సులువేరా," అంది సారమ్మ. "దిగాలంటేనే ఇద్దరు లాగాల్సొస్తంది."

నరసరావుపేటలో, వినుకొండ రోడ్డు మీద, మౌలాలీ మామ వీల్ అలైన్‌మెంట్ షాపు. ఆ శనివారం సుధీర్ అక్కడ కారు ఆపగానే, ర్యాంపు మీదున్న మరో బండి కింద నుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"దాన్నెవరు దించారన్నా?"

అతను వంగి చూశాడు. ముందు రెండు కళ్లు, తర్వాత నుదుటి మీద గ్రీజు మరక, ఆ తర్వాత మనిషి బయటికొచ్చింది. చుడీదారు మీద ఖాకీ చొక్కా వేసుకుంది. జడను ముడి చుట్టి, అది జారకుండా టైరు గాలి చూసే పెన్ను గుచ్చింది.

"నేనే దింపించానండి. బాగుంటుందని."

ఆమె కారు చుట్టూ ఒకసారి తిరిగింది. "బాగానే ఉందన్నా. టైర్లకే బాగలేదు. చెయ్యి పెట్టండి ఇక్కడ."

"ఎక్కడ?"

"టైరు మీద. అడ్డంగా, బయటికి తొయ్యండి. ఇప్పుడు లోపలికి లాగండి."

బయటికి తోస్తే నున్నగా ఉంది. లోపలికి లాగితే అరచేతికి రంపం పళ్లలా తగిలింది. రోజూ తోలే బండి తనకు ఇంత గట్టిగా ఏదో చెబుతున్నా ఇన్నాళ్లూ వినలేదే అనుకున్నాడు సుధీర్.

"చక్రాలు తిన్నగానే ఉన్నట్టు కనపడతయ్," అందామె. "కానీ దించేసరికి ముందు చక్రాలు ఒకటి అటు, ఒకటి ఇటు చూస్తన్నయ్. పైభాగం లోపలికి వాలింది. ఇంక రోడ్డంతా లోపలి అంచే మోస్తది. అరిగేదీ అదే. పైనుంచి చూస్తే టైరు కొత్తదిలాగే ఉంటది."

"మీరు ఎక్కడ నేర్చుకున్నారండి ఇదంతా?"

"పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చదివా. ఈ చెయ్యి పెట్టి చూడటం మాత్రం మా మౌలాలీ మామ నేర్పిందే."

పక్కన స్టూలు మీద కూర్చున్న ముసలాయన తలెత్తి నవ్వాడు. చదువయ్యాక ఆ పిల్ల పని అడిగిన ప్రతి షాపులోనూ బిల్లుల దగ్గర కూర్చోమన్నారట. పానా చేతికిచ్చింది మౌలాలీ ఒక్కడే. ఇప్పుడాయనకు చూపు మసకబారింది. మాచర్లలో కూతురి దగ్గరకు వెళ్లిపోదామనుకుంటున్నాడు. షాపు ఈ పిల్లకే అప్పగించాలని ఆయన కోరిక.

ఆమె పేరు సుస్మిత.

"దించిన బండికి బరువు చానా ముఖ్యమన్నా," అంది చక్రాలకు కొలత తీసే అద్దాల పలకలు బిగిస్తూ. "బరువెక్కేకొద్దీ ఇంకా కుంగుద్ది, కోణాలు మారిపోతయ్. ఏ బరువుతో తిరుగుద్దో ఆ బరువు పెట్టే కొలవాలి. మామూలుగా బండిలో ఎంతమంది?"

అప్పుడు సుధీర్ బాబు నిజం చెప్పి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది.

"నేనొక్కడినేనండి."

"పక్క సీట్లో?"

"ఎవరూ లేరు."

"వెనక?"

"అసలెవరూ లేరండి. అంటే, ఇంకా ఎవరూ కాలేదు."

"నేనడిగింది సీట్ల సంగతన్నా," అంది సుస్మిత. ముఖం పక్కకు తిప్పుకుంది గానీ బుగ్గ మీద సొట్ట దాగలేదు.

అతన్ని డ్రైవింగు సీట్లో కూర్చోబెట్టి కొలతలు తీసింది. బండి కింద పానా ఒక్కో వెంట్రుకవాసి తిప్పుతూ, పక్కనున్న కంప్యూటరు తెర మీద ఎర్ర అంకెలను ఒక్కొక్కటిగా ఆకుపచ్చ చేసింది. తొందర లేదు. తిప్పడం, వినడం, మళ్లీ తిప్పడం. ల్యాబులో సిమెంటు నమూనాలు తూచేటప్పుడు అంత నిదానం తనకు ఏనాడైనా ఉందా అని సుధీర్ ఆలోచించాడు. సైడు అద్దంలో నుంచి చూస్తున్నాడు కాబట్టి ఆలోచించడానికి తీరిక దొరికింది.

వెళ్లేముందు ధైర్యం చేశాడు. "నన్ను అన్నా అనకండి."

"షాపుకొచ్చే అందర్నీ అట్టనే అంటాం. మామ పెట్టిన రూలు. మరేమనాలి?"

"ఏదైనా. బండి నంబరుతోనైనా పిలవండి."

ఆమె నంబరు ప్లేటు చూసింది. "సరే, నలభై ఏడు గారూ. జాగర్తగా వెళ్లిరండి."

అప్పటినుంచి నలభై ఏడు గారికి గాలి మీద శ్రద్ధ పెరిగింది. ఆదివారం చర్చి అవగానే ఒక్కడే బయల్దేరి గాలి పెట్టించుకోవడానికి వచ్చేవాడు. ఒకసారి స్టెప్నీకి కూడా పెట్టించాడు. ఒకరోజు గాలి అవసరమే లేదని సుస్మిత చెబుతుండగా ఆకాశం కరుణించి పెద్ద వాన కురిసింది. రేకుల షెడ్డు మీద చప్పుడుకు మాటలు వినబడక, ఇద్దరూ ఒకే గొడుగు పుల్లల్లా దగ్గరకు జరగాల్సి వచ్చింది.

"వాన తగ్గేదాకా ఉండనా?" అని అడిగాడు.

"షెడ్డు మామది. నన్నడుగుతారేంది?"

"మీదవుతుందంటగా త్వరలో."

ఆమె కళ్లలో వెలుగు వచ్చింది. "వచ్చే నెల. స్థలం వెంకటప్పయ్య గారిది. ఆయన ఒప్పుకోవాలి. ఆడపిల్ల నడపగలదా అని ఆయనకు అనుమానం. ఒక్క పని చెడినా సాకు దొరికిద్ది. అందుకే ఒక్కో బండీ రెండుసార్లు కొలుస్తన్నా."

సుధీర్‌కు ఎక్కడో గుచ్చుకుంది. కానీ టైరు పైనుంచి కొత్తదిలాగే ఉంది. తనేమో పైనుంచే చూశాడు.

రెండు నెలలు తిరగకుండానే, ఒక శనివారం ముందు టైరు బుస్సుమని నీరసించింది. స్టెప్నీ వేసుకుని, పాతదాన్ని డిక్కీలో పడేసి షాపుకొచ్చాడు. అతని ఖర్మకొద్దీ వెంకటప్పయ్య అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. టైరు దింపగానే లోపలి అంచు అందరికీ కనిపించింది. రబ్బరు పూర్తిగా పోయి తీగలు తేలాయి.

"ఈ బండి మీరు చేసిందేనా?" అడిగాడు వెంకటప్పయ్య.

"నేనే చేశానండి," అంది సుస్మిత.

"రెండు నెలలకే తీగలా? ఏమయ్యా మౌలాలీ, ఈ పిల్ల పేరున షాపు రాయమంటివి. ఎట్ట రాయమంటావు?"

సుస్మిత సాకులు చెప్పలేదు. మోకాళ్ల మీద కూర్చుని టైరు మీద అరచెయ్యి అటూ ఇటూ ఆడించింది. "కొలత తప్పలేదు మామా," అంది మెల్లగా. "రెండుసార్లు చూశా. ఎక్కడ పొరపాటు చేశానో తెలవట్లేదు. నాదే తప్పయితే టైర్లు నేనే కొనిస్తా."

కోపంగా చూసినా సుధీర్ తట్టుకునేవాడు. ఆమె తనలోనే తప్పు వెతుక్కోవడం తట్టుకోలేకపోయాడు.

"తప్పు కొలతది కాదండి," అన్నాడు. "బరువుది."

"ఏ బరువు?"

"మా అమ్మ."

షెడ్డులో అందరూ అతని వంక చూశారు.

"మా అమ్మ, కృపామణి పిన్ని, హన్నమ్మ పెద్దమ్మ. ఒక బస్తా బియ్యం. రెండు గుండిగలు. రోజూ దాచేపల్లి దాకా."

సుస్మిత లేచి నిలబడింది. "ఒక్కడినే అన్నారుగా?"

"నాకింకా పెళ్లి కాలేదని మీకు చెప్పాలనుకున్నా. ఎట్ట చెప్పాలో తెలియక అట్ట చెప్పా."

ముందు మౌలాలీ నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. సుస్మిత నవ్వలేదు.

"నా పని పోయేది. తెలుసా మీకు?" అంది. "ఇంకేదన్నా అబద్ధం చెప్పుకోకపోయారా? బరువు సంగతే దొరికిందా?"

"రేపు అందరినీ తీసుకొస్తా," అన్నాడు సుధీర్, వెంకటప్పయ్యతో. "మీ కళ్ల ముందే కొలవనివ్వండి. ఆ తర్వాతే ఏదైనా అనండి."

"రా. చూస్తా," అన్నాడాయన.

మర్నాడు చర్చి అవగానే ముగ్గురు ఆడవాళ్లూ గంజిపెట్టిన చీరల్లోనే దిగారు. గుండిగలతో, బస్తాతో సహా. అటక మీద దాచిన పాత స్ప్రింగులు కూడా సుధీర్ వెంట తెచ్చాడు.

సుస్మిత సుధీర్ వంక చూడకుండా పలకలు బిగించింది. సుధీర్ ఒక్కడే కూర్చుంటే అంకెలన్నీ ఆకుపచ్చ. మొదటి కొలతకూ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. వెంకటప్పయ్య కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. సారమ్మ ముందు సీటెక్కింది. ఒక అంకె పసుపయింది. వెనక హన్నమ్మ ఎక్కింది. ఇంకొకటి పసుపయింది. కృపామణి ఎక్కి తలుపు వేసుకోగానే తెరంతా ఎర్రబడింది.

"నేనెక్కితేనే ఎర్రబడిందా?" అంది కృపామణి.

"ఆ పిల్ల మిషను నిజమే చెబుద్దే," అంది హన్నమ్మ. "చర్చిలో బెంచీ కూడా చెబుద్ది, నోరుంటే."

ఇంకా బస్తా, గుండిగలు పెట్టనేలేదు. వెంకటప్పయ్య తెర వైపు, కుంగిన చక్రాల వైపు మార్చి మార్చి చూశాడు. "ఒక్క మనిషికి కుట్టిన చొక్కాలో నలుగురు దూరినట్టుంది," అన్నాడు. తర్వాత సుస్మితతో, "రేపు కాయితాలు తెస్తానమ్మాయ్. నా బండి కూడా తెస్తా. నా బరువు నేను దాచుకోను."

ఆమె తల ఊపింది. మౌలాలీ వెళ్లి ఆమె భుజం తట్టాడు.

పొట్టి స్ప్రింగులు తీసి పాతవి వేసేసరికి సాయంత్రమైంది. కారు మళ్లీ అందరి కార్లంత ఎత్తయింది. సుధీర్‌కు అది చిన్నతనంగా అనిపించలేదు. పని చేస్తున్న ఆమె చేతులనే చూస్తున్నాడు. సారమ్మ ఆ చూపును చూస్తోంది.

"ఇప్పుడు అందరూ ఎక్కండి, ఆఖరి కొలత," అంది సుస్మిత.

సారమ్మ వెనక తలుపు తీసి చెల్లెలి పక్కన కూర్చుంది.

"అత్తా, మీరు ముందు కదా కూర్చునేది?"

"ఇన్నాళ్లూ కూర్చున్నానమ్మా. ఇకముందు ఆ సీటు బరువెవరిదో మావాణ్ణి అడుగు. ఈసారన్నా నిజం చెబుతాడేమో."

సుధీర్ కారు దిగొచ్చి సుస్మిత ముందు నిలబడ్డాడు.

"సుస్మిత గారూ, మీ పని చూసినప్పటినుంచీ మీరంటే నాకు గౌరవం. ఆ తర్వాత ఇష్టం. మొదటిరోజే ఇట్ట చెప్పాల్సింది. మీకిష్టమైతేనే ఎక్కండి. లేకపోతే అక్కడ బియ్యం బస్తా పెట్టి కొలవండి. నేనేమీ అనుకోను."

సుస్మిత బియ్యం బస్తా వంక చూసింది. అతని వంక చూసింది. రెండింటినీ తూస్తున్నట్టే చూసింది.

"నేనెక్కితే మిషను దగ్గర ఎవరుంటారు?"

"నేనుంటాలే," అన్నాడు మౌలాలీ. "కళ్లు సరిగా ఆనకపోయినా ఎరుపేదో ఆకుపచ్చేదో తెలుస్తది."

ఆమె చేతులు తుడుచుకుంది. ఖాకీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. సుధీర్ గబగబా తన సీట్లోకి చేరాడు. వెనక కృపామణి గొంతు సవరించబోతే హన్నమ్మ మోచేత్తో పొడిచింది.

"స్టీరింగు తిన్నగా పట్టుకో, సుధీర్ బాబూ," అంది సుస్మిత.

నలభై ఏడు గారి పేరు ఆమె నోట రావడం అదే మొదటిసారి. స్టీరింగు కాస్త పక్కకు తిరిగింది.

"కదలమాకురా," అన్నాడు మౌలాలీ తెరకు ముఖం ఆనించి. పానా పట్టుకుని వంగాడు, తిప్పాడు, విన్నాడు, మళ్లీ తిప్పాడు. "ఆకుపచ్చ," అన్నాడు చివరికి. "మొత్తం ఆకుపచ్చ."

సుస్మిత దిగి, కిటికీలోంచి లోపలికి వంగింది.

"వచ్చే ఆదివారం మా నాన్న క్వారీ నుంచి ఇంటికొస్తాడు. వచ్చి మాట్లాడు," అంది. ఆపైన వెనక సీటు వైపు చూసి, "ఒక్కడివే రామాకు."

మౌలాలీ మామ చేత్తో చేసిన ఆఖరి అలైన్‌మెంటు అదే. ఆ నెలాఖరున మాచర్ల వెళ్లిపోయాడు. షాపు బోర్డు మీద ఇప్పుడు సుస్మిత పేరుంది. ఆయన స్టూలు మాత్రం అక్కడే ఉంది. దాని మీద ఎవరూ కూర్చోరు.

మీరెప్పుడైనా దూరం బయల్దేరే ముందు ఒక్క నిమిషం ఆగి, టైరు లోపలి అంచు మీద అరచెయ్యి వేసి చూడండి. ముందు బయటికి తొయ్యండి, తర్వాత లోపలికి లాగండి. చేతికి నల్లగా అంటుకుంటుంది. దాన్ని తుడుచుకునే ముందు, ఒక ఆడపిల్ల చేతికి పానా ఇచ్చిన మౌలాలీ మామను ఒకసారి తలుచుకోండి.