నొక్కని మీట

ఆ ఉదయం కూడా అత్తాకోడళ్ళు ఒకే బస్సు దిగి, ఆసుపత్రి గేటు దగ్గర విడిపోయారు. అత్తగారు వంటశాలకి, కోడలు ఆఫీసుకి. ఆ వంటశాలకి అత్తగారే పెద్ద. స్టోరు తాళాల గుత్తి ఆవిడ నడుమున లేని రోజు ఎవరూ చూడలేదు.

కంప్యూటర్లు అప్పుడప్పుడే ఆఫీసుల్లో అడుగుపెడుతున్న కాలం. ఆకుపచ్చ అక్షరాల ఆ పెట్టెను ముట్టుకోవడానికి అందరూ జంకితే, కోడలు మాత్రం పుస్తకం ముందేసుకుని స్ప్రెడ్‌షీట్ నేర్చుకుంది. పై గడిలో రోగుల సంఖ్య కొడితే చాలు, బియ్యం ఎంత, కూరగాయలెంత అన్నది కింది గడుల్లో అదే లెక్కకట్టి చూపేది. మొదట్లో మూతి ముడిచిన అత్తగారే, తర్వాత "మా కోడలి కాగితం" అంటూ దాన్ని వంటశాల గోడకి అంటించడం మొదలుపెట్టారు. ఏ అత్తగారి నోట వస్తుందండీ అలాంటి మాట.

అయితే ఆ యంత్రం మహా నిదానం. ఒక్క అంకె మార్చినా గడులన్నీ మళ్ళీ లెక్కేసుకుంటూ కూర్చునేది, ఈలోగా వెళ్ళి టీ తాగి రావచ్చు. విసుగెత్తిన కోడలు ఆ పద్ధతి ఆపేసింది. అంకెలన్నీ మార్చాక చివర్లో ఒక మీట నొక్కితే, అప్పుడు ఒకేసారి లెక్క వేస్తుంది. ఆ రోజు కొత్త వార్డు తెరిచారు. కోడలు పై గడిలో సంఖ్య మార్చింది. అంతలో ఫోను మోగింది. మాట్లాడి వచ్చి, మీట నొక్కకుండానే కాగితం ప్రింటు తీసి వంటశాలకి పంపేసింది.

మధ్యాహ్నం కొత్త వార్డుకి అన్నం చాలలేదు. మళ్ళీ వండి పంపేలోగా, ఇన్సులిన్ సూది వేయించుకుని పళ్ళెం కోసం ఎదురుచూస్తున్న ఒక పెద్దాయన స్పృహ తప్పాడు. డాక్టర్లు ఉరుకులు పరుగుల మీద ఆయన్ని దక్కించారు.

సాయంత్రం ఇంటికొచ్చిన అత్తగారి నడుమున తాళాలు లేవు.

"సూపరింటెండెంటు తీసేసుకున్నాడు. కొలత తప్పాను, నా పొరపాటే," అన్నారావిడ చెప్పులు విప్పుతూ.

"ఇన్నేళ్ళలో ఎప్పుడూ తప్పలేదు కదమ్మా," అన్నాడు కొడుకు.

కోడలికి పొద్దున మోగిన ఫోను, నొక్కని మీట ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"తప్పు మీది కాదత్తయ్యా. నేను మీట నొక్కడం మర్చిపోయాను."

"తెలుసు. రోగుల సంఖ్య మారింది, బియ్యం మాత్రం నిన్నటి అంకే ఉంది. పొద్దున్నే చూశాను."

"చూసి కూడా అంతే వండారా? నన్నొక్క మాట అడగొచ్చుగా?"

"గిన్నెలో పోసినప్పుడే తక్కువనిపించింది. కానీ నీ లెక్క ఏనాడూ తప్పలేదు కదా. వయసు మీద పడి నా కళ్ళే మోసం చేస్తున్నాయేమో అనుకున్నాను. అడిగితే, ముసల్దానికి చాదస్తం అనుకుంటావని మొహమాటపడ్డాను."

కోడలు అత్తగారి పక్కన కూలబడింది. "మరి నింద మీరెందుకు నెత్తినేసుకున్నారు?" అంది.

"నీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నాదేముంది, ఇవాళో రేపో దిగిపోయేదాన్ని."

"తప్పు తనదేనని అమ్మ ఎలాగూ చెప్పేసింది. ఇక వదిలెయ్యరాదూ," అన్నాడు కొడుకు మెల్లగా.

"వదిలేస్తే రేపట్నుంచి అత్తయ్య మొహం ఎలా చూడను?" అంటూ కోడలు అత్తగారి ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆవిడ కోడలి జుట్టు నిమురుతూ కూర్చున్నారు.

మర్నాడు కోడలు తిన్నగా సూపరింటెండెంటు గదికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఆయన నాలుగు చీవాట్లు పెట్టాడు. ఉద్యోగం ఖాయం చేయడం ఇప్పట్లో కుదరదన్నాడు. చివరికి సొరుగు లాగి తాళాల గుత్తి బల్ల మీద పెట్టాడు.

వంటశాలలో అత్తగారు ఓ మూల కూర్చుని అందరితోపాటు కూరగాయలు తరుగుతున్నారు. కోడలు వంగి, గుత్తిని ఆవిడ నడుముకి తగిలించింది. చెయ్యి పట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్ళి, కంప్యూటర్ ముందు తన కుర్చీలో కూర్చోబెట్టి, పై గడిలో ఆవేళ్టి రోగుల సంఖ్య కొట్టింది.

"ఇది నొక్కండత్తయ్యా."

అత్తగారు చెయ్యి కొంగుకి తుడుచుకుని మీట నొక్కారు. అంకెలు ఒక్కొక్కటే మారుతూ వచ్చాయి.

"సరిపోతుందా?" అంది కోడలు. ఆ కాగితం మొదలుపెట్టాక ఆ మాట అడగడం అదే మొదటిసారి.

అత్తగారు తెరకేసి చాలాసేపు చూశారు. ఆవిడ కళ్ళు తడిశాయి.

"ఇంకో గిన్నెడు బియ్యం కలుపు," అన్నారు.

కోడలు కలిపింది.