అంకె ఆగలేదు

ఐసు ఫ్యాక్టరీ మలుపు దగ్గర పొద్దుగూకాక ఎవరూ ఆగరు. లారీకి టైరు పంక్చరైనా సరే, కుంటుకుంటూ ఆ మలుపు దాటించాకే డ్రైవరు జాకీ బయటికి తీస్తాడు.

ఫ్యాక్టరీ మూతబడి ఇరవై ఏళ్లు. ఒకప్పుడు రాత్రి షిఫ్టులో గ్యాసు పైపు పగిలి, కంప్రెసరు నడిపే మనిషి అక్కడే ఊపిరాడక పోయాడు. యజమాని గేటుకి తాళం వేసి వెళ్లినవాడు మళ్లీ ఇటు తొంగిచూడలేదు. మిషన్లన్నీ పాత ఇనుముకి పోయాయి. లోపల చుక్క గ్యాసు లేదు. అయినా ఆ గోడ పక్కన నడిస్తే కళ్లు మండుతాయంటారు. మండు వేసవిలో కూడా మెడ మీద ఎవరో చల్లటి వేలు పెట్టినట్టుంటుందంటారు. ఎవరికి జరిగిందని అడిగితే మాత్రం... ప్రతివాడూ పక్కవాణ్ణి చూపిస్తాడు.

రేడియో మెకానిక్కుకి జరిగింది మాత్రం ఆయన నోటితో ఆయనే చెప్పాడు. అదీ ఒక్కసారే.

ఆయన కొట్టు ఓ మేడమెట్ల కింద ఉండేది. నిలబడితే తల తగిలేంత చోటు. నలభై ఏళ్లు అందులోనే వంగి కూర్చుని రేడియోలు, టేపులు, టీవీలు, ఆ తర్వాత సెల్‌ఫోన్లు బాగుచేశాడు. దెయ్యాల మాటెత్తితే ఒకటే అనేవాడు — "దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఎక్కడో టంకం ఊడి ఉంటుంది, చూసుకోండి."

ఆ రోజు సాయంత్రం లైట్లు వేసే వేళకి ఆయన మేనకోడలు వచ్చింది. ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ బట్టలు కూడా మార్చుకోలేదు. చేతిలో తువ్వాలు చుట్టిన మూట. ఆ మూటలోంచి —

టీ... టీ... టీ...

"ఏమిటే చిట్టీ అది? కోడిపిల్లని తెచ్చావా?"

"నవ్వకు మావయ్యా. ఆయన డ్రోను రిమోటు. నిన్న సాయంత్రం నుంచి ఒకటే అరుపు. ఆపితే ఆగుతుంది, నేను వంటింట్లోకి వెళ్లేసరికి దానంతటదే వెలుగుతుంది. రాత్రంతా కంటి మీద కునుకు లేదు. ఆయన రేపు ఊరినుంచి వచ్చేలోపు దీని నోరు మూయించు. లేకపోతే నేనే కింద పడేశానంటాడు."

ఆమె భర్త డ్రోను ఎగరేసి ఫొటోలు తీసేవాడు. పొలాల సర్వేలు, ఇళ్ల పైకప్పులు, పెళ్లిళ్లు — ఏది దొరికితే అది. నిన్న తెల్లవారుజామున, పొరుగూళ్లో రెండ్రోజుల పని ఉందని చెప్పి సంచీ భుజాన వేసుకుని బస్సుకి వెళ్లాడు.

"రిమోటు ఇక్కడ పెట్టి అక్కడేం ఎగరేస్తాడే?"

"ఇంకొకటి ఉందన్నారు, మరి."

మెకానిక్కు కళ్లజోడు నుదుటి మీంచి కిందికి దించాడు. రిమోటు అరుస్తోందంటే దానికి నాలుగే రోగాలు, అన్నాడు. బ్యాటరీ అయిపోవడం — ఛార్జరు పెట్టి చూశాడు, నిండుగానే ఉంది. చాలాసేపు ఎవరూ ముట్టుకోకపోవడం — డ్రోనుని నడిపే పుల్లలు రెండూ కదిపాడు, ఆగలేదు. పుల్లలు నడిమధ్యకి రాకుండా పక్కకి ఒరగడం — విప్పి, దుమ్ము ఊది, బిగించాడు. ఆగలేదు. పక్కనున్న మీట తప్పు గడిలో ఉండటం — అదీ సరిగ్గానే ఉంది.

టీ... టీ... టీ...

చివరికి వెనక డొప్ప ఊడదీసి బ్యాటరీ వైరు పీకేశాడు. చప్పుడు ఆగింది.

"హమ్మయ్య" అంది మేనకోడలు.

లోపలంతా భూతద్దం పెట్టి వెతికాడు. టంకం ఎక్కడా ఊడలేదు. చెమ్మ లేదు. తుప్పు లేదు. సరే అని వైరు మళ్లీ తగిలించాడు. అంతే — ఏ బటనూ నొక్కలేదు — తెర భగ్గున వెలిగింది.

టీ... టీ... టీ...

ఈసారి ఆయన తెరమీద రాత చదివాడు. చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"ఏం రాసుంది మావయ్యా?"

ఆయనకి ఒక సంగతి గుర్తొచ్చింది. అల్లుడు ఓసారి ఈ కొట్టు ముందే డ్రోను ఎగరేసి చూపించాడు. ఇల్లు బొమ్మ ఉన్న బటన్ నొక్కి, "చూడండి మావయ్యా, ఇది నొక్కితే ఎక్కడున్నా బుద్ధిగా ఇంటికొచ్చేస్తుంది" అన్నాడు. అది వచ్చి కాళ్ల దగ్గర దిగేదాకా రిమోటు ఇలాగే... అచ్చం ఇలాగే కూసింది.

"డ్రోనుతో సిగ్నలు కలిసిందట. ఇంటికి వస్తోందట" అన్నాడు మెల్లిగా. "పందొమ్మిది వందల మీటర్ల దూరంలో ఉంది."

"అదెలా? డ్రోను ఆయన దగ్గరుంది కదా. ఆ ఊరు ఇక్కడికి మూడు గంటల ప్రయాణం."

"అంత దూరం నుంచి ఇది పలకదే చిట్టీ."

తెరమీద చిన్న బాణం గుర్తు. కొట్టులో నిలబడి ఎటు తిప్పినా అది ఒక్కవైపే చూపిస్తోంది. ఆ వైపు రెండు కిలోమీటర్లలో ఉన్నది ఒక్కటే. ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పైకి అనలేదు.

మేనకోడలు భర్తకి ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది. స్విచాఫ్.

"పోయిన వారం ఎవరో వచ్చారు మావయ్యా..." ఆమె గొంతు తగ్గింది. "ఆ ఫ్యాక్టరీ కొంటారట. పైకప్పు ఫొటోలు కావాలన్నారు. నేను వద్దని ఒట్టు వేయించుకున్నాను. సరేనన్నారు."

మెకానిక్కు కొట్టు షట్టరు కిందికి లాగాడు.

పాత స్కూటరు మీద బయల్దేరారు. వెనక కూర్చుని ఆమె అంకెలు చదువుతోంది. "పదిహేను వందలు... పన్నెండు వందలు..." ఊరి దీపాలు వెనకబడ్డాయి. "తొమ్మిది వందలు... మావయ్యా, కాస్త నెమ్మదిగా." "నెమ్మదిగానే పోతున్నానే. దీని బతుక్కి ఇదే స్పీడు." నవ్వించబోయాడు. నవ్వు రాలేదు. ఇద్దరికీ.

మలుపు దగ్గర పైపులకోసం రోడ్డు తవ్వి వదిలేశారు. స్కూటరు అక్కడే స్టాండు వేసి టార్చి వెలిగించాడు. గోడ పక్కన గడ్డి మోకాలి దాకా పెరిగింది. పురుగుల రొద కూడా లేదు. రిమోటు కూత ఒక్కటే — ఆ నిశ్శబ్దంలో ఊరంతా వినిపిస్తుందేమో అన్నంత గట్టిగా.

పెద్ద గేటుకి తుప్పు పట్టిన గొలుసు. దాని పక్కన మనిషి దూరేంత చిన్న తలుపు. ఆ తలుపు తాళం తీసి ఉంది... గొళ్లానికి వేలాడుతోంది.

"తొంభై" అంది మేనకోడలు గుసగుసగా.

మెకానిక్కు ఆగాడు. ఆమె కూడా ఆగింది.

"ఎనభై రెండు..."

"నడవకే. ఒక్క నిమిషం ఆగు."

"నేను నడవడం లేదు మావయ్యా."

ఆయన టార్చి ఆమె కాళ్ల మీద వేశాడు. నిజమే. చెప్పులు రెండూ మట్టిలో దిగబడి ఉన్నాయి. రిమోటు ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

డెబ్బై.

ఇద్దరూ కదల్లేదు. అంకె ఆగలేదు.

యాభై ఐదు... నలభై...

ఆకాశంలోకి టార్చి వేశాడు. ఏమీ లేదు. డ్రోను రెక్కలు తిరిగితే తేనెటీగల తుట్టె కదిలినట్టుంటుంది, వీధి చివరికి కూడా వినిపిస్తుంది. ఇక్కడ ఆ చప్పుడే లేదు. గాలి కూడా లేదు. కానీ ఆ చిన్న తలుపు అవతలి చీకట్లోంచి... ఏదో... అడుగు వెనక అడుగు...

ఇరవై ఒకటి.

కళ్లు మండుతున్నాయి. చెమట వల్లే అనుకున్నాడాయన. మేనకోడలు ఆయన చొక్కా పట్టుకుంది.

తొమ్మిది.

కూత వేగం పెరిగింది. టీటీటీటీ —

"మావయ్యా..."

మూడు.

నలభై ఏళ్లు ఏ చప్పుడుకీ బెదరని ఆ చెయ్యి డొప్పలోకి వేళ్లు దూర్చి బ్యాటరీ వైరు తెంపేసింది. తెర ఆరిపోయింది.

నిశ్శబ్దం.

ఎదురుగా ఎవరో నిలబడితే ఎలా ఉంటుందో — అలా ఉంది. ఎవరూ లేరు. మెకానిక్కు వెనక్కి ఒక అడుగు వేశాడు. పద, పోదాం పద, అనబోయాడు.

అప్పుడు వినిపించింది.

టంగ్... టంగ్... టంగ్...

ఫ్యాక్టరీ లోపలి నుంచి. ఇనుము మీద ఇనుము కొట్టినట్టు. మూడు దెబ్బలు... ఆగి, మళ్లీ మూడు. నీరసంగా. ఇంతసేపూ రిమోటు కూతలో అది మునిగిపోయింది.

మెకానిక్కు మేనకోడలి రెక్క పుచ్చుకుని వెనక్కి లాగాడు. ఆమె రాలేదు. తల పక్కకి వంచి వింటోంది.

"పద చిట్టీ, నీకు దణ్ణం పెడతాను..."

"ఆగు మావయ్యా." ఆమె గొంతు ఒక్కసారిగా మారిపోయింది. వార్డులో మాట్లాడే గొంతు అది. "గొంతు పెగలనివాళ్లు మంచం ఊచ మీద ఇలాగే కొడతారు. ఇది మనిషి."

ఆయన ఔనని గానీ కాదని గానీ అనేలోపే ఆమె ఆ చిన్న తలుపులో దూరిపోయింది. టార్చి లేకుండా! ఆడపిల్లని అలా వదిలేసి నిలబడే గుండె ఆయనకి లేదు. లోపలికెళ్లే గుండె కూడా లేదు. అయినా వెళ్లాడు.

లోపల పెద్ద హాలు. పైకప్పు రేకులు అక్కడక్కడా ఎగిరిపోయి, ఆ కంతల్లోంచి నక్షత్రాలు కనిపిస్తున్నాయి. నేలంతా చెక్క మూతలు, వరసలు వరసలుగా. ఐసు గడ్డకట్టించే తొట్టి మీది మూతలవి. ఒకప్పుడు వాటి మీదే మనుషులు నడిచేవాళ్లు. ఇప్పుడవి చివికి, బూజుపట్టి ఉన్నాయి.

టంగ్... టంగ్...

"గోడ వెంబడే రా. చెక్కల మీద అడుగు పెట్టకు" అన్నాడు. ఎంత మెల్లిగా అన్నా ఆ మాట హాలంతా తిరిగి వచ్చింది.

నాలుగో వరసలో ఒక మూత లేదు. నల్లటి కంత. ఆయన తొట్టి గట్టు మీద బోర్లా పడుకుని టార్చి అందులోకి వేశాడు.

రెండు నిలువుల లోతు. అడుగున మురికినీళ్లు. నీళ్లలో ఒక కాలు పక్కకి తిరిగిపోయి, ఇనుప గోడకి ఆనుకుని —

"ఏమండీ!"

అల్లుడు కళ్లు తెరవలేకపోతున్నాడు. పెదాలు పగిలిపోయాయి. చెయ్యి మాత్రం తనంతట తాను గోడని కొడుతూనే ఉంది. వెలుతురు పడ్డాక కూడా ఇంకో మూడు దెబ్బలు కొట్టాడు. అప్పుడు ఏడ్చాడు.

మిగతాదంతా మేనకోడలే చూసుకుంది. ఆంబులెన్సుకి ఫోన్ చేసింది. మలుపు గుర్తులు రెండుసార్లు చెప్పింది. తొట్టి గోడకున్న ఇనుప మెట్లు తడిమి తడిమి కిందికి దిగింది. తన డ్యూటీ సంచీలోని సీసా నీళ్లతో చున్నీ చివర తడిపి పెదాల మీద పిండింది. ఒక్కసారిగా తాగించకూడదట. కాలు కదపనివ్వలేదు. ఆ పనులన్నీ అయ్యాక, భర్త తల ఒళ్లో పెట్టుకుని, అప్పుడు తిట్టడం మొదలుపెట్టింది. తిడుతూనే ఉంది. ఏడుస్తూనే ఉంది.

"మొన్న... ఫొటోలు తీస్తుంటే డ్రోను రేకుకి తగిలి లోపల పడిపోయింది" అన్నాడు అల్లుడు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. "నీకు చెబితే... ఒట్టు తప్పానంటావని... బస్సుకని చెప్పి, తెచ్చేసుకుందామని, కొనేవాళ్ల దగ్గర తాళంచెవి తీసుకుని వచ్చాను. ఫోన్ నీళ్లలో పడి చచ్చిపోయింది. నిన్న పొద్దుట్నుంచీ కొడుతూనే ఉన్నాను. రోడ్డు మీద ఎవరో పోతున్నట్టు వినిపించేది... కొట్టగానే పరిగెత్తేవాళ్లు."

పైన గట్టు మీద కూర్చున్న మెకానిక్కుకి పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. మనసులో లెక్క కూడా తేలిపోయింది. డ్రోను ఇక్కడెక్కడో వెలిగి పడి ఉంటుంది, దాని సిగ్నలు రిమోటుకి అందింది, పడినప్పుడు తల తిరిగి దూరం తప్పులు చూపించింది. అంతే. యంత్రమన్నాక లక్ష రోగాలు.

"పోనీలేరా అబ్బాయ్" అన్నాడు కిందికి వంగి. "నీ డ్రోనే నిన్ను పట్టించింది. నిన్న సాయంత్రం నుంచీ ఇంటికొస్తున్నా ఇంటికొస్తున్నా అని రిమోటులో ఒకటే గోల."

కింద అల్లుడు అటు తల తిప్పాడు.

"ఏ డ్రోను మావయ్యా?"

"ఏ డ్రోనేమిటి, నీదే."

అల్లుడు ఇంతసేపూ గోడని కొట్టిన వస్తువుని మెల్లిగా టార్చి వెలుతురులోకి ఎత్తాడు. నల్లటి, బరువైన దిమ్మ. మూలలు సొట్టలు పడి పగిలిపోయాయి.

"దాని బ్యాటరీ ఇదిగో. దొరకగానే... ముందు ఇది తీసి జేబులో పెట్టుకున్నాను. డ్రోను గట్టు మీద పెట్టి... తర్వాతే, విరిగిన రెక్క ముక్క కోసం చెక్క మీద అడుగేశాను. నిన్న పొద్దున్న."

మెకానిక్కు టార్చి పక్కకి తిప్పాడు.

ఆయన మోచేతికి బారెడు దూరంలో, సిమెంటు గట్టు మీద, డ్రోను ఉంది. ఒక రెక్క విరిగి ఉంది. బ్యాటరీ ఉండాల్సిన గూడు ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది.

దూరంగా ఆంబులెన్సు కూత వినిపిస్తోంది. ఆయన మోకాళ్ల మీద పాకుతూ దాని దగ్గరికి వెళ్లాడు. కాసేపు చూశాడు. నలభై ఏళ్ల అలవాటు... ఏ యంత్రాన్ని చూసినా వేలు పెట్టకుండా ఉండలేడు. మోటారు మీద వేలు ఆనించాడు —

చటుక్కున లాక్కున్నాడు.

రెండోది ముట్టుకున్నాడు. మూడోది. నాలుగోది.

నాలుగూ... అప్పుడే ఎగిరొచ్చి దిగినట్టు... కాలిపోతున్నాయి.