మూటల మీద నమెలె ఆకు

ఊరి పెద్ద చీఫ్ తబి రేవు షెడ్డులో కావా వేళ్ల మూటను వాసన చూసి, "ఇది మా వేరు కాదు" అన్నాడు. ఆ సాయంత్రం ఎవరో ఆయన చేతికి కొబ్బరి చిప్పెడు కావా వేరు రసం ఇచ్చారు. తెల్లారేసరికి ముసలాయన లేడు.

మర్నాడు మధ్యాహ్నం లుగాన్‌విల్ మార్కెట్లో, రేవు కూలీ వేషంలో ఏజెంట్ ఎల్సన్ ఒక బల్ల ముందు నిలబడ్డాడు. పోయినాయన అతనికి సొంత మేనమామ. ఏడవడానికి తీరిక లేదు.

"లప్‌లప్ వేడిగా ఉందా?" కోడ్ మాట అడిగాడు.

"నిన్నటిది. తిని చావు," అంది బల్ల వెనక కూర్చున్న అతని డైరెక్టర్ మేడమ్ లెయిసాలే. పెండలం పిండి ఆకులో ఉడికించిన పొట్లంతో పాటు అగ్గిపెట్టెంత రేడియో అందించింది. "రేవు షెడ్డులో రెండొందల మూటలున్నాయి. చెక్కు తీసిన వేరైతే మనసు నెమ్మదించి నిద్ర పడుతుంది. ఆ మూటల్లో కలిపింది ఆకులూ, కాండం తొక్కా, పైగా విషమూ. పై దేశంలో నలుగురు చస్తే మన కావా ఎవడూ ముట్టడు. అప్పుడు ఈ కల్తీ చేసిన ముఠా తన నిద్రమాత్రలు అమ్ముకుంటుంది."

"ఓడ ఎన్నింటికి?"

"ఐదింటికి. పోలీసు బోటు ఐదున్నరకు గానీ రాదు. ఆ అరగంట ఎలాగోలా ఆపు. ముఠాలో మన మనిషి సోలాంజ్ ఉంది. అంబ్రిమ్ దీవి పిల్ల. షెడ్డు తాళం తనే తీస్తుంది."

ఎర్ర గౌను, నల్ల కళ్లద్దాలు. సోలాంజ్‌ను రేవంతా తల తిప్పి చూసింది. తాళం తీసి చకచకా లోపలికి నడిచింది. ఎల్సన్ మాత్రం గడప దగ్గరే ఆగిపోయాడు.

గడప లోపల రెండు పొడుగాటి నమెలె ఆకులు ఒకదాని మీదొకటి అడ్డంగా ఉన్నాయి. మామయ్య పెట్టినవే. ఆ ఆకు ఉన్నచోట చీఫ్ మాట ఉన్నట్టే. అంబ్రిమ్‌లో పసిపిల్లలు కూడా దాన్ని దాటరు. సోలాంజ్ దాటేసింది.

"ఏ ఊరమ్మా నీది?"

"అంబ్రిమ్. చెప్పలేదా మీవాళ్లు?"

"అయితే కాళ్ల దగ్గర ఒకసారి చూసుకో."

చూసుకుంది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. "పుట్టింది అక్కడే. పెరిగింది సముద్రం అవతల నౌమియా పట్నంలో. ఈ ఆకులూ అలములూ ఎవరికి గుర్తుంటాయి? మీ మామ కూడా నీలాగే అన్నీ చూశాడు. అందుకే విషం చిప్ప అందించాల్సొచ్చింది."

ఎల్సన్ చెయ్యి జేబులో రేడియో మీదికి పోయింది. ఆమె దాన్ని లాక్కుని మడమ కింద నలిపి, ఆకులను మూటల వెనక్కి తన్ని కూలీలను పిలిచింది.

"నువ్వూ మొయ్యి. ఓడ కదిలాక నీ సంగతి చూస్తా."

రెండు గంటలు మోశాడు. పిస్టల్ హ్యాండ్‌బ్యాగ్ చాటునుంచి అతని వీపునే చూస్తోంది. ఆఖరి మూట ఎత్తేటప్పుడు ఆకులను మూటకూ ఛాతీకీ మధ్య ఇరికించుకున్నాడు.

ఐదుకు ఇంకా రెండు నిమిషాలున్నాయి. మూటలు పేర్చిన వలకు క్రేన్ కొక్కెం తగిలించారు. తాడు బిగిసింది. ఎల్సన్ తన మూట పైన పడేసి, దాని మీద ఆకులు అడ్డంగా పరిచాడు.

క్రేన్ ఆగిపోయింది. నలభై మంది కూలీలు చేతులు వెనక్కి తీసుకున్నారు.

"లాగండి," అంది సోలాంజ్. ఎవరూ కదల్లేదు. నలభై మందినీ కాల్చడానికి ఆమె దగ్గర తూటాలు లేవు.

మేస్త్రీ వతాస్ ముందుకొచ్చాడు. "ఎవరి ఆకురా ఇది?"

"తబి మామయ్యది. ఈ మూటలు కదలొద్దని పెట్టాడు. పెట్టినందుకే చంపారు."

వతాస్ వంగి అతని ముఖంలోకి చూసి, తబి మేనల్లుణ్ని గుర్తుపట్టాడు. "ఆయన ఆకు ముట్టుకునే హక్కు నీకుందా? పట్నంలో ఉద్యోగం చేస్తే చీఫ్‌వైపోయావా?"

"లేదు. జరిమానా ఇచ్చుకుంటాను."

"జరిమానా అంటే వంకర కోరల పంది. చిన్నదైతే ఒప్పుకోం."

వతాస్ వల ముందే చతికిలబడ్డాడు. మిగతావాళ్లూ కూర్చున్నారు. ఓడ హారన్ మోగి మోగి అలిసిపోయింది. ఐదున్నరకు పోలీసులొచ్చి సోలాంజ్ చేతులకు బేడీలు వేసేదాకా ఎవరూ లేవలేదు.

ఎల్సన్ ఇచ్చిన పందిని మామయ్య పోయిన వందోరోజు భోజనానికే కోశారు. చిన్నదేనని ఊరంతా గొణిగింది. మామయ్యే ఉంటే మొదట గొణిగేది ఆయనే.