భూమేశ్ విన్న గొంతు

కోరుట్లలో నేను పనిచేసే దవాఖానలో ఐసీయూ అంటే పై అంతస్తులో ఒక పొడుగాటి గది. మూడు మంచాలు, ఒక వెంటిలేటర్. కిటికీ తెరిస్తే కింది నుంచి మిర్చి బజ్జీల వాసన కొడుతుంది, అందుకే తెరవం. నాది మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా డ్యూటీ. సిరిసిల్లలో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్య పుట్టి పెరిగినదాన్ని. మిషన్ల మోతలో నాకు హాయిగా నిద్ర పడుతుంది. నిశ్శబ్దమే పడదు.

ఆ వారం ఒక్కడే పేషెంట్. మల్లాపూర్ రైతు, ఇరవై ఆరేళ్ల భూమేశ్. నేల మీద చాప వేసుకుని పడుకున్నవాడు సోమవారం తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచాడట. కాసేపటికి కనురెప్పలు వాలిపోయాయి. మాట ముద్దయింది. ఒంటి మీద ఎక్కడా గాటు లేదు. మా డాక్టర్ సాకేత్ రావు గారు ఆ రెప్పలు చూడగానే "కట్లపాము" అన్నారు. విరుగుడు మందు ఎక్కించి, ఊపిరి ఆగకముందే గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు.

కట్లపాము విషం ఒంట్లోని కండరాలన్నింటినీ పడుకోబెడుతుంది. వేలు కదలదు, రెప్ప లేవదు. టార్చి వేసినా కంటిపాప చిన్నది కాదు. చూసినవాళ్లు పోయాడనే అనుకుంటారు. కానీ లోపల మనిషి మేలుకునే ఉంటాడు. అన్నీ వింటుంటాడు.

అందుకే గంటకోసారి చెవి దగ్గరికి వంగి చెప్పేదాన్ని. ఆ గురువారమూ అంతే.

"భూమేశ్, నేను అలేఖ్యను. ఇయ్యాల బేస్తారం. నాలుగు గంటలైంది. వాన పడుతున్నది. నిన్ను ఎడమ పక్కకు మలుపుతున్న. మీ నాయిన, సుస్మిత ఇంటికి పోయిండ్రు. పొద్దుగూకేవరకు వస్తరు."

"పొద్దుగూకేవరకు వస్తరు."

వెనక నుంచి మెల్లగా వినిపించింది. తిరిగి చూశాను. తలుపు దగ్గర ఆయమ్మ రూతమ్మ తడిగుడ్డ పెడుతోంది.

"ఏమన్నవు రూతమ్మా?"

"నేనేమన్లేదమ్మా."

నాలుగున్నరకు కరెంటు పోయింది. మబ్బు పట్టి గదంతా చీకటి. రెండు నిమిషాలు చూశాను, జనరేటర్ మోత వినిపించలేదు. డాక్టర్ గారు కింద ఆపరేషన్‌లో ఉన్నారు. రూతమ్మను జనరేటర్ సంగతి చూడమని పంపాను. ఆమె మెట్లు దిగిందో లేదో, వెంటిలేటర్ రెండుసార్లు కూసి ఆగిపోయింది. పాత బ్యాటరీ.

నిశ్శబ్దం.

అతన్ని వెల్లకిలా తిప్పి, గొట్టం నుంచి మిషన్ పైపు పీకి, చేతితో పిండే అంబు సంచి తగిలించాను. పిండితే రాయిలా ఉంది. గాలి పోవడం లేదు. సొంత బ్యాటరీతో నడిచే మానిటర్ మీద ఆక్సిజన్ తొంభై ఆరు... తొంభై... ఎనభై మూడు.

కంగారు పడితే మనిషి పోతాడు. వరుసగా చూడాలి. పెదవి దగ్గర గొట్టం గుర్తు ఇరవై రెండు దగ్గరే ఉంది, జారలేదు. అంటే లోపల కఫం అడ్డుపడింది. కఫం లాగడానికి కాలితో తొక్కే సక్షన్‌ను మంచం కింద నుంచి లాగాను. గొట్టంలో నాలుగు చుక్కల సెలైన్ వేసి, సన్నని పైపు లోపలికి తోసి, తొక్కాను. ఏమీ రాలేదు. మళ్లీ తొక్కాను. జిగురు బంక లాంటి ముద్ద ఒకటి ఊడి వచ్చింది. సంచి మెత్తబడింది. ఛాతీ రెండు వైపులా లేచింది. ఎనభై ఐదు... తొంభై... తొంభై నాలుగు.

ఇక కరెంటు వచ్చేదాకా నా చేతులే అతని ఊపిరి. ఐదు లెక్కపెట్టాలి, ఒకసారి పిండాలి. చీకట్లో పైకే లెక్కపెట్టాను.

"ఒకటి... రెండు... మూడు... నాలుగు... ఐదు."

పిండాను.

"ఒకటి... రెండు..."

మంచానికి అవతలి పక్క, అతని రెండో చెవి దగ్గర, ఎవరో నాతో కలిసి లెక్కపెడుతున్నారు. నా గొంతే. గోడకు తగిలి తిరిగొస్తోందనుకున్నాను.

"నాలుగు... ఐదు..."

"ఆరు," అంది ఆ గొంతు. "ఏడు... ఎనిమిది..."

నా చేయి పిండలేదు. వింటూ ఉండిపోయింది. నా చేయి నాది కానట్టు, ఆ లెక్క పూర్తయ్యేదాకా ఆగినట్టు... తొంభై ఒకటి. ఎనభై ఎనిమిది.

ఉలిక్కిపడి పిండాను. లెక్క మానేశాను. మానిటర్ మీద సెకన్లు చూస్తూ పిండుతున్నాను. అవతల ఎవరూ లేరు. ఖాళీ మంచం. కానీ అతని జుట్టు... చెవి మీది జుట్టు కొంచెం కొంచెం కదులుతోంది.

"భూమేశ్, నేనున్న," అన్నాను.  "నేనిక్కడ్నే ఉన్న."

"ఇగ చాలు భూమేశ్," అంది నా గొంతు, అవతలి నుంచి. "నువ్వు సచ్చిపోయినవు. మీవోళ్లు తీస్కపోతందుకు వస్తుండ్రు."

పరిగెత్తాలనిపించింది. సంచి వదిలితే అతను పోతాడు. అక్కడే నిలబడి ఏడుస్తూ పిండాను. ఎంతసేపో తెలియదు.

కింద జనరేటర్ మోత మొదలై లైట్లు వచ్చాయి. వెంటిలేటర్ మళ్లీ తగిలించాను. వేళ్లు ముడుచుకుపోయి విచ్చుకోలేదు.

అప్పుడే మెట్ల మీద అడుగులు. అతని నాన్న కిష్టయ్య, భార్య సుస్మిత, తడిసి ముద్దయి, ఏడుస్తూ వచ్చారు. కిష్టయ్య చేతిలో కొత్త తెల్లగుడ్డ. ఎవరూ ఆపకముందే కొడుకు కనురెప్ప ఎత్తి చూశాడు. కదలని పెద్ద కంటిపాప.

"అయ్యో కొడకా... గొట్టం తియ్యుండ్రి బిడ్డా. ఇగ బాధ వెట్టకుండ్రి. కింద జీపున్నది."

"ఎవ్వలు చెప్పిండ్రు కాకా సచ్చిపోయిండని?"

సుస్మిత ఎర్రబడ్డ కళ్లతో చూసింది. "మీరే గద సిస్టర్ ఫోన్ చేసింది."

ఆమె ఫోన్ చూశాను. మా ఐసీయూ నంబరు. నాలుగూ నలభై. ఆ సమయానికి నా రెండు చేతులూ సంచి మీదున్నాయి.

కిష్టయ్య గొట్టం మీద చేయి వేశాడు. ఆ చేయి పట్టుకుని కొడుకు ఛాతీ మీద పెట్టాను.

"మిషన్ ఊపిరే ఇస్తది కాకా. గుండెను కొట్టియ్యదు. గిది నీ కొడుకు గుండె. మెల్లగ మాట్లాడు, ఆయన వింటుండు."

ఆ ముసలిచేయి అలాగే ఉండిపోయింది చాలాసేపు. డాక్టర్ గారు వచ్చి అదే మాట చెప్పాక, ఆయన తెల్లగుడ్డను చంకలో దాచుకుని కొడుకు కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

శనివారం భూమేశ్ బొటనవేలు కదిలింది. ఆదివారం కళ్లు తెరిచాడు. సోమవారం రెండింటికి నేను డ్యూటీకి వచ్చేసరికి గొట్టం తీసేసి ఉంది, దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే మంచం అంచుకు జరిగాడు.

"భూమేశ్, నేను అలేఖ్యను. ఇయ్యాల సోమారం."

మాట మొత్తం అయ్యేదాకా కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత వెనక్కి వాలాడు.

"నువ్వే అక్కా," అన్నాడు, బొంగురుపోయిన గొంతుతో. "నాకన్నీ వినవడ్డయి. ఇంకొకామె గూడ వచ్చేది. గొంతు నీదే. రోజూ 'నువ్వు సచ్చిపోయినవు' అనేది."

"మరి నన్నెట్ల గుర్తువట్టినవు?"

"నువ్వు మాట మధ్యల ఊపిరి తీస్కుంటవు. ఆమె తీస్కోదు. ఎంత సేపు మాట్లాడినా..."

  కేస్ షీట్ చేతిలోకి తీసుకున్నాను. పొద్దున తొమ్మిదింటికి గొట్టం తీశారు. పక్కనున్న నర్సు అని రాసిన చోట సంతకం ఉంది. నా సంతకం. ఆ తొమ్మిదింటికి నేను ఇంట్లో నిద్రపోతున్నాను.

"పొద్దుగాల నీ పక్కన ఎవ్వలున్నరు భూమేశ్?"

అతను తలుపు వైపు చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"నువ్వే అనుకున్న. నువ్వు గాకపోతే ఆమెనే. 'దగ్గు భూమేశ్, దగ్గు' అన్నది. ఇయ్యాల... మాట మధ్యల ఊపిరి తీస్కున్నదక్కా."