అమ్మమ్మకు కోచ్

“మంచం దిగకమ్మా!” అన్నాడు మామయ్య.

“దిగుతాను!” అంది అమ్మమ్మ.

“దిగుతుంది!” అంది గడుగ్గాయి, గుమ్మంలోనే స్కూలు బ్యాగు పడేసి.

ఆ పిల్ల అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తురాదు. అందరికీ గడుగ్గాయే. స్కూల్లో రిలే జట్టులో చివరి పరుగు ఆమెదే.

అమ్మమ్మ బట్టలు కుడుతుంది. ఇల్లు పైన, కుట్టు షాపు కింద. మోకాలికి ఆపరేషన్ అయినప్పటి నుంచి షాపు షట్టరు దించే ఉంది.

“ఈ వయసులో ఇంకా మిషనేంటమ్మా? హాయిగా పడుకో. షాపు అద్దెకిచ్చేద్దాం. చూడ్డానికి ఆదివారం వస్తారు,” అన్నాడు మామయ్య.

“నా షాపు అద్దెకివ్వడానికి నువ్వెవడివిరా?”

మామయ్య తల పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఫిజియోథెరపీ అక్క కొన్ని ఎక్సర్‌సైజులు నేర్పింది. కూర్చుని మోకాలు మెల్లగా వంచాలి, చాపాలి. వాకర్ పట్టుకుని హాల్లో కాసేపు నడవాలి. తర్వాత ఐసు పెట్టుకుని విశ్రాంతి తీసుకోవాలి. అంతే.

గడుగ్గాయి కంటికి అవి ఆనలేదు.

“ఇవీ ఒక ఎక్సర్‌సైజులేనా? ఇలాగైతే ఆదివారానికి షాపులోకి ఏం దిగుతావు? నేనిస్తా నీకు ట్రైనింగ్!”

“ఇయ్యవే! వాడి నోరు మూయించాలి.”

మర్నాడు సాయంత్రం అమ్మ ఇంకా ఆఫీసు నుంచి రాలేదు, మామయ్యా ఇంట్లో లేడు. ఇద్దరూ మెట్ల దగ్గర నిలబడ్డారు. అమ్మమ్మ ఒక చేత్తో రెయిలింగు, మరో చేత్తో గడుగ్గాయి భుజం పట్టుకుంది. ఒక మెట్టు దిగింది. ఇంకొకటి. కిందిదాకా దిగి, మళ్ళీ పైకెక్కింది.

“సూపర్! ఇంకోసారి!”

అమ్మమ్మ పెదవి కొరుక్కుంది.

“నొప్పిగా ఉందా?”

“నొప్పా? నాకా?”

ఇంకోసారి దిగి ఎక్కారు.

తెల్లారేసరికి మోకాలు కొబ్బరికాయలా ఉబ్బింది. అమ్మమ్మ కాలు కింద పెట్టలేకపోయింది.

“చెప్పానా? ఇక ఎక్సర్‌సైజులూ వద్దు, గిక్సర్‌సైజులూ వద్దు!” అన్నాడు మామయ్య.

అమ్మ గడుగ్గాయి వైపు ఊరికే చూసింది. తిట్టినా బాగుండేదనిపించింది గడుగ్గాయికి.

“దాన్నలా చూడకు. అది తానా అంటే నేను తందానా అన్నాను,” అంది అమ్మమ్మ.

ఫిజియో అక్క వచ్చి మోకాలు నొక్కి చూసింది. “మెట్లెక్కించింది ఎవరు?”

“నేనే,” అంది గడుగ్గాయి. “అమ్మమ్మ గెలవాలని.”

“రిలేలో చేరిన మొదటి రోజు మీ సార్ నీతో ఏం చేయించారు?”

“గ్రౌండు చుట్టూ నడిపించారు. పరుగు తర్వాతెప్పుడో...” గడుగ్గాయి ఆగిపోయింది. తల దించుకుంది. “కానీ ఆదివారం వాళ్ళొచ్చేస్తారక్కా!”

“మోకాలికి ఆదివారం తెలీదురా.”

“అంటే పడుకోబెట్టమనేగా?” అన్నాడు మామయ్య హుషారుగా.

“పడుకోబెడితే కాలు కర్రలా బిగుసుకుపోతుందండీ. వాపు తగ్గాక మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. రోజూ కొంచెం కొంచెంగా.”

ఆదివారానికి వాపు తగ్గింది. మధ్యాహ్నం మామయ్య భోజనం ప్లేటు మంచం దగ్గరికి తీసుకెళ్తుంటే గడుగ్గాయి లాక్కుంది. తీసుకెళ్ళి హాల్లో బల్ల మీద పెట్టింది.

“నడిచొచ్చి తింటుంది.”

“మళ్ళీ మొదలెట్టావా?”

“మొదలెట్టాను మామయ్యా!”

అమ్మమ్మ వాకర్‌తో నెమ్మదిగా గదిలోంచి వచ్చింది. హాలు మధ్యకు చేరేసరికి కింద వీధిలోంచి ఎవరో పిలిచారు.

“ఏమండీ, షాపు చూపిస్తారా?”

అమ్మమ్మ కళ్ళు మెరిశాయి. వాకర్‌ను మెట్ల వైపు తిప్పింది. “పదవే! నేనే దిగి చెప్తాను వాళ్ళకి.”

గడుగ్గాయి కాళ్ళు కూడా అటే లాగాయి. కానీ కుర్చీ తెచ్చి అమ్మమ్మ దారికి అడ్డంగా వేసింది.

“కూర్చో అమ్మమ్మా.”

“నువ్వు కూడా వాడి పార్టీలో చేరావా?”

“నేనెవరి పార్టీలోనూ లేను. నువ్వివాళ మెట్లు దిగవు. అంతే!”

అమ్మమ్మ గుడ్లురిమింది. గడుగ్గాయి కదలలేదు. చివరికి అమ్మమ్మే గొణుక్కుంటూ కూర్చుంది.

అప్పుడు గడుగ్గాయి మెట్ల దగ్గరికి పరిగెత్తి, రెయిలింగు మీంచి వంగి అరిచింది.

“పైకి రండి! షాపు ఓనరు ఇక్కడుంది!”

“ఏయ్!” అంటూ మామయ్య లేచాడు. అప్పటికే మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది.

వాళ్ళు వచ్చేసరికి అమ్మమ్మ నిటారుగా కూర్చుని, మోకాలు మెల్లగా వంచుతూ చాపుతూ ఉంది. పక్కనే గడుగ్గాయి నిలబడి ఉంది.

“షాపు అద్దెకు లేదండీ,” అంది అమ్మమ్మ. “నేను ట్రైనింగ్‌లో ఉన్నాను.”